కొత్త ఏటీవీ కొన్నారా? ముందు గంటలు లెక్కపెట్టండి

మా ఏటీవీ, అంటే పొలాల్లో, బురదలో తిరిగే నాలుగు చక్రాల బండి, డీసీఎం వ్యాన్‌లో హైదరాబాద్ పక్కన శంకర్‌పల్లి దగ్గరి తోటకు వచ్చిన రోజు దాని చుట్టూ పది మంది మూగారు. మైలేజీ ఎంతని ఒకరు, ఎంత స్పీడు పోతుందని ఇంకొకరు అడిగారు. పక్క పొలంలో ట్రాక్టర్ నడిపే పెద్దాయన మాత్రం మీటరులోకి తొంగి చూసి, "గంటలు ఏడ జూపిస్తది సార్?" అన్నాడు. ఆ రోజు నవ్వుకున్నాను. ఏడాది తిరిగేసరికి ఆయన అడిగిందే అసలు ప్రశ్న అని తెలిసొచ్చింది.

ఏటీవీ చూడటానికి నాలుగు చక్రాల బైకులా ఉంటుంది కాబట్టి మనం బైకును చూసినట్టే చూస్తాం. మూడు వేల కిలోమీటర్లకు సర్వీసింగ్, ఆదివారం వాటర్ సర్వీసింగ్, పంక్చర్ షాపులో గాలి. ఈ మూడూ దానికి పడవు. అది నెమ్మదిగా, బరువు లాగుతూ, దుమ్ములో, బురదలో తిరిగే బండి. పది కిలోమీటర్లు తిరిగినా ఇంజన్ రెండు గంటలు పనిచేసి ఉండొచ్చు. అందుకే ట్రాక్టర్‌లాగే దీనికీ లెక్క గంటల్లోనే. చాలా మోడళ్లలో మీటరు బటన్ నొక్కితే గంటలు కనిపిస్తాయి. ఒక చిన్న నోటుబుక్కు సీటు కింద పెట్టి, ఏ పని ఎన్ని గంటల దగ్గర చేశారో రాసుకోండి. వారంటీ గొడవ వచ్చినప్పుడు కూడా ఆ పుస్తకమే అక్కరకొస్తుంది.

ఇక్కడ చెప్పేవి ఎక్కువగా బెల్టుతో నడిచే ఆటోమేటిక్ బండ్లకు, అంటే మనవాళ్లు తోటలకు, ఫామ్‌హౌసులకు కొనే రకానికి. చైన్‌తో నడిచే చిన్న బండ్లకు తేడా ఉన్నచోట చెబుతాను. నేను చెప్పే అంకెకూ మీ బండి మాన్యువల్‌లో ఉన్న అంకెకూ తేడా వస్తే మాన్యువల్‌దే నమ్మండి.

బండి దిగిన రోజు

ముందు ఒక మాట. మన దగ్గర అమ్మే ఏటీవీల్లో ఎక్కువ భాగానికి రోడ్డు రిజిస్ట్రేషన్ ఉండదు. ట్రాక్టర్ కేటగిరీలో ఆమోదం పొందిన మోడళ్లు ఒకటి అరా వచ్చాయి గానీ, మీరు కొన్నది అదో కాదో బిల్లుతో పాటు ఇచ్చే కాగితాల్లో చూసుకోవాలి. నంబరు ప్లేటు లేని బండిని మొయినాబాద్ రోడ్డు మీదికో, ఔటర్ రింగ్ రోడ్డు పక్కనుండే సర్వీస్ రోడ్డు మీదికో తీసుకెళ్లడం తప్పే. దాన్ని ఎటు తీసుకెళ్లాలన్నా డీసీఎం గానీ బొలెరో పికప్ గానీ మాట్లాడుకోవాలి. ఎక్కించాక పార్కింగ్‌లో పెట్టి, నాలుగు మూలలా పట్టీలు బిగించి కట్టాలి. హ్యాండిల్‌కు ఒక తాడు కట్టి వదిలేస్తే ఘాట్ రోడ్డులో బండి పక్కకు జరుగుతుంది.

షోరూంలో అన్నీ చూసే ఇస్తారన్న నమ్మకం మంచిదే కానీ, ఒకసారి మీరూ చూడండి. స్టార్ట్ చేయకముందే:

1. చక్రాల నట్లు నాలుగింటికీ పానా పెట్టి చూడండి. టార్క్ రెంచ్ ఉంటే ఇంకా మంచిది. ఒక నట్టు తర్వాత దాని ఎదుటి నట్టు, అలా అడ్డంగా బిగించాలి. మొదటి రోజు తిరిగాక ఒకసారి, ఇంజన్ పది గంటలు నడిచాక మరోసారి చూడాలి. కొత్త బండిలో పెయింటు నలిగి, నట్టు కూర్చునేటప్పుడు కాస్త వదులవుతుంది.
2. ఇంజన్ ఆయిల్, కూలెంట్, బ్రేక్ ఆయిల్ మట్టాలు. బండి సమతలంగా ఉన్నప్పుడే చూడాలి. ఆయిల్ పుల్ల కొన్ని బండ్లలో మర బిగించి చూడాలి, కొన్నింట్లో ఊరికే ఆనించి చూడాలి. ఈ తేడా తెలియక చాలామంది ఆయిల్ ఎక్కువ పోసేస్తారు.
3. బ్యాటరీ టెర్మినళ్లు. వేలితో తిప్పితే కదలకూడదు. కొత్త బండి స్టార్ట్ కాలేదని వచ్చే ఫోన్లలో సగం ఇక్కడే తేలిపోతాయి.
4. టైర్లలో గాలి. దీని గురించి కింద విడిగా చెబుతాను, ఎందుకంటే నేను బోల్తా పడింది అక్కడే.
5. యాక్సిలరేటర్ వదిలితే టక్కున వెనక్కి రావాలి. హ్యాండిల్ ఆ చివర నుంచి ఈ చివర దాకా తిప్పినా అలాగే రావాలి.

మొదటి పాతిక గంటలు

కొత్త బండి ఆయుష్షు ఈ పాతిక గంటల్లోనే సగం తేలిపోతుంది. కంపెనీని బట్టి ఇది 20 గంటలు కావచ్చు, 25 కావచ్చు. ఈ సమయంలో ఫుల్ యాక్సిలరేటర్ వద్దు. ఒకే వేగంతో గంటసేపు తిప్పడమూ వద్దు. వేగం మారుస్తూ, మధ్యమధ్యలో ఆపి ఇంజన్‌కు విశ్రాంతినిస్తూ నడపాలి. ట్రైలర్ తగిలించి ఎరువు బస్తాలు లాగించడం తర్వాత చూసుకోవచ్చు.

ఇంజన్ సంగతి అందరికీ తెలుసు కానీ, బెల్టుకు కూడా ఇలాంటి అలవాటు కాలం ఉంటుందని చాలామందికి తెలియదు. ఇంజన్ బలాన్ని చక్రాల వైపు పంపే సీవీటీ అంటే రెండు పుల్లీలు, వాటి మధ్య తిరిగే రబ్బరు బెల్టు, మన స్కూటీలో ఉండేదే. కాకపోతే ఇక్కడ పడే బరువు వేరు. కొత్త బెల్టు పక్కలు పుల్లీతో కలిసి నున్నగా అరిగి కూర్చోవాలి. ఈలోపే గట్టిగా లాగిస్తే అది కాలి గాజులా మెరుస్తుంది. ఆ తర్వాత ఎంత బాగా నడిపినా జారుతూనే ఉంటుంది. రెండేళ్ల తర్వాత కొత్త బెల్టు వేయించినా ఇదే నియమం.

పాతిక గంటలు నిండగానే మొదటి ఆయిల్ మార్పు. దీన్ని వాయిదా వేయకండి. కొత్త ఇంజన్‌లో రాసుకున్న లోహపు పొడి అంతా ఆ ఆయిల్‌లోనే ఉంటుంది. వారంటీ ఉన్నంతకాలం ఈ సర్వీసు డీలర్ దగ్గరే చేయించి బిల్లు దాచుకోండి. తర్వాత మీరే చేసుకునేటట్టయితే పద్ధతి ఇది:

1. ఇంజన్ మూడు నాలుగు నిమిషాలు నడిపి ఆపండి. గోరువెచ్చటి ఆయిల్ అడుగున ఉన్న మడ్డితో సహా దిగుతుంది.
2. కింద తొట్టి పెట్టి డ్రెయిన్ బోల్టు విప్పండి. బోల్టు చివర అయస్కాంతం ఉంటే దాని మీద బూడిద లాంటి మెత్తటి పొడి కనిపిస్తుంది. మొదటిసారి అది మామూలే. గోటికి తగిలే ముక్కలు కనిపిస్తే మాత్రం ఫొటో తీసి డీలర్‌కు చూపండి.
3. ఫిల్టర్ విప్పి కొత్తది వేయండి. దాని రబ్బరు రింగుకు కొత్త ఆయిల్ కాస్త రాయాలి. డబ్బాలా ఉండి తిప్పి బిగించే స్పిన్-ఆన్ రకమైతే చేత్తో బిగిస్తే చాలు, పానాతో విరగదీయొద్దు.
4. డ్రెయిన్ బోల్టు వాషరు కొత్తది వేసి బిగించండి. ఆ చిన్న వాషరు ఖర్చు చూసుకుని పాతదే వేస్తే చుక్కచుక్కగా కారుతూనే ఉంటుంది.
5. మాన్యువల్‌లో చెప్పిన గ్రేడు ఆయిల్ చెప్పినంతే పోయండి. ఒక నిమిషం నడిపి, ఆపి, మట్టం మళ్లీ చూడండి.

చాలా బండ్లలో ఇదే సమయానికి గేర్‌కేసు ఆయిల్, ముందు చక్రాలు రెండింటికీ బలం పంచే డిఫరెన్షియల్‌లోని ఆయిల్ కూడా మార్చమంటారు. ఇవి మూడూ వేర్వేరు. ఒకే డబ్బాలోంచి మూడింటికీ పోసేవాళ్లను చూశాను. పాత ఆయిల్ పొలం గట్టున పారబోయకండి, గ్యారేజీలో ఇచ్చేయండి.

చెల్క దుమ్ము, ఎయిర్ ఫిల్టర్

హైదరాబాద్ చుట్టూ రెండు నేలలున్నాయి, రెండూ బండికి రెండు రకాల శత్రువులు. వికారాబాద్ వైపు ఎర్ర నేల, చెల్కలు. చేవెళ్ల, శంకర్‌పల్లి పట్టీలో చాలాచోట్ల నల్ల రేగడి. చెల్క ఎండాకాలంలో చంపుతుంది, రేగడి వానాకాలంలో.

ముందు చెల్క. ఏప్రిల్, మే నెలల్లో ఎర్ర దుమ్ము పౌడర్‌లా లేస్తుంది. అది ఎయిర్ ఫిల్టర్ దాటి లోపలికి పోయిందంటే పిస్టన్ రింగులను ఉప్పుకాగితంలా గీకేస్తుంది. ఆ తర్వాత పొగ, ఆయిల్ తాగడం, బలం తగ్గడం. ఇంజన్ విప్పించే దాకా పోతుంది, ఇదంతా వారంటీలోకీ రాదు. మొత్తం బండిలో మీరు ఒకే ఒక్క పని శ్రద్ధగా చేస్తానంటే ఈ పని చేయండి అంటాను.

మాన్యువల్‌లో 50 గంటలకు ఫిల్టర్ చూడమని రాసి ఉంటే, అది దుమ్ము లేని దేశాల లెక్క అనుకోండి. ఎండాకాలంలో నేను ప్రతి రెండు మూడు రైడ్లకు తెరిచి చూస్తాను. నలుగురు కలిసి వరుసగా వెళ్లేటప్పుడైతే వెనక బండ్లవాళ్లు ఆ రాత్రే తెరవాలి. ముందు బండి లేపిన దుమ్మంతా వెనక బండే మింగుతుంది. అందుకే దుమ్ము కిందికి దిగేంత దూరం వదిలి నడపండి.

స్పాంజి ఫిల్టర్ అయితే సబ్బు నీళ్లలో గానీ ఫిల్టర్ క్లీనర్‌తో గానీ ఉతకాలి. పెట్రోల్‌తో ఉతికే అలవాటు మన మెకానిక్‌లలో ఉంది. అది స్పాంజిని పాడు చేస్తుంది, నిప్పు ప్రమాదం సరేసరి. ఉతికాక బట్ట పిండినట్టు మెలిపెట్టకుండా అరచేతుల మధ్య నొక్కి, నీడలో పూర్తిగా ఆరబెట్టాలి. తర్వాత ఫోమ్ ఫిల్టర్ ఆయిల్ పట్టించి, ఎక్కువైనది నొక్కి తీసేయాలి. ఆయిల్ లేని స్పాంజి జల్లెడతో సమానం. పేపర్ ఫిల్టర్ అయితే కడగొద్దు, కంప్రెసర్ గాలి దగ్గర నుంచి కొట్టొద్దు. కాగితంలో కంటికి కనిపించని చిల్లులు పడతాయి. మెల్లగా తట్టి, మరీ నల్లబడితే మార్చేయడమే.

బిగించే ముందు రెండు చూడండి. ఫిల్టర్ కూర్చునే అంచు చుట్టూ సన్నగా గ్రీజు రాయండి, దుమ్ము పక్కనుంచి దూరదు. తర్వాత ఫిల్టర్ అవతల, ఇంజన్ వైపు గొట్టంలో తెల్ల గుడ్డ పెట్టి తుడవండి. గుడ్డకు ఎర్ర మరక అంటితే దుమ్ము దాటిపోతోందన్నమాట. ఎక్కడినుంచి వస్తోందో తెలిసే దాకా బండి స్టార్ట్ చేయకండి. ఎయిర్ బాక్సు అడుగున ఒక చిన్న రబ్బరు గొట్టం ఉంటుంది, దాన్ని నొక్కితే లోపల చేరిన నీళ్లు, మట్టి కిందికి పడతాయి. పది సెకన్ల పని.

రేగడి, నీళ్లు, వాటర్ సర్వీసింగ్

రేగడి బురద సిమెంటుకు తమ్ముడు. చక్రాలు విసిరిన ముద్దలు ముందున్న రేడియేటర్ రెక్కల మధ్య కూర్చుని ఎండిపోతాయి. పైకి బండి శుభ్రంగానే కనిపిస్తుంది, లోపల మాత్రం గాలి ఆడదు. వానాకాలంలో హీట్ లైటు వెలిగిందంటే నేను ముందు చూసేది కూలెంట్ కాదు, రేడియేటర్ ముఖం. దాన్ని తోట పైపుతో, మెల్లటి ధారతో, వీలైతే ఇంజన్ వైపు నుంచి ముందుకు కడగాలి. ముందు నుంచి కొడితే మట్టి ఇంకా లోపలికి దిగబడుతుంది. స్క్రూడ్రైవర్‌తో గోకితే పల్చటి రెక్కలు వంగుతాయి. చిన్న బండ్లకు రేడియేటర్ ఉండకపోవచ్చు, అప్పుడు ఇంజన్ మీద ఉండే గాలి రెక్కలకు ఇదే సేవ.

ఇక ప్రెషర్ వాష్. ఇది నా సొంత తప్పు కాబట్టి దాచుకోను. మొదటి వానాకాలంలో బండిని పికప్‌లో ఎక్కించి ఒక వాటర్ సర్వీసింగ్ సెంటర్‌కు తీసుకెళ్లాను. కుర్రాడు పాపం మనసు పెట్టి కడిగాడు. చక్రాల బేరింగులు, స్విచ్చులు, బెల్టు కేసు గాలి గొట్టం, ఏదీ వదల్లేదు. నెల తిరక్కుండా ముందు ఎడమ చక్రం గుర్రుమనడం మొదలుపెట్టింది. సీలు దాటి నీళ్లు పోయి బేరింగ్ తుప్పు పట్టింది. అప్పటినుంచి ఇంట్లోనే మామూలు పైపు, షాంపూ, పాత బ్రష్. కడిగాక గ్రీజు గన్‌తో చక్రాలను పట్టి ఉంచే సస్పెన్షన్ కడ్డీల దగ్గర గ్రీజు ఎక్కించే నిపుల్స్‌కు గ్రీజు కొడతాను. కొత్త గ్రీజు లోపలి నీళ్లను, మట్టిని బయటికి నెట్టేస్తుంది. ఇరుసు చివర్లలో ముడతలు ముడతలుగా ఉండే రబ్బరు బూట్లను కూడా అప్పుడే చూడండి. చిన్న చిరుగు ఉన్నప్పుడే బూటు మార్పిస్తే సరిపోతుంది, ఆలస్యం చేస్తే ఇరుసే మార్చాలి.

బేరింగ్ మార్చాల్సి వస్తే పాతదాని మీద నంబరు చెక్కి ఉంటుంది. అది పట్టుకుని సికింద్రాబాద్‌లోని రాణిగంజ్ మార్కెట్‌కు వెళితే చాలాసార్లు దొరుకుతుంది. సీళ్లు, హోస్ క్లిప్పులు కూడా అక్కడే. బెల్టు, ఆయిల్ ఫిల్టర్ మాత్రం కంపెనీవే తెప్పించుకోండి. "దీనికి సరిపోయేది" అనే బెల్టు ఇప్పటిదాకా నాకు సరిపోలేదు.

వాగు దాటేటప్పుడు పాదాలు పెట్టే చోటు దాకా నీళ్లు వస్తే అక్కడితో ఆగండి. ముందు కర్రతో లోతు చూసి, లో గేర్‌లో మెల్లగా, ఆగకుండా పోవాలి. దాటాక బ్రేకులు మెల్లగా నొక్కుతూ కాస్త దూరం నడిపితే ప్యాడ్లు ఆరతాయి. నీళ్లలో ఇంజన్ ఆగిపోయిందా, సెల్ఫ్ కొట్టకండి. సిలిండర్‌లో నీళ్లుంటే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. గట్టుకు లాగి, ఎయిర్ బాక్సు తెరిచి, ఆయిల్ పుల్ల తీసి చూడండి. ఆయిల్ పాలు కలిపిన టీలా కనిపిస్తే నీళ్లు కలిసినట్టే. ఆయిల్ మార్చకుండా నడపకూడదు.

గాలి, ముళ్లు

ఏటీవీ టైరులో గాలి ఎంతుండాలో చెబితే పంక్చర్ షాపువాళ్లు నమ్మరు. చాలా మోడళ్లకు 4 నుంచి 7 పీఎస్ఐ మధ్యే. కారుకు కొట్టే 30 దీనికి కొడితే టైరు రాయిలా ఎగురుతుంది, హ్యాండిల్ చేతుల్లో ఆగదు. టైరు గోడ మీద గరిష్ఠంగా ఎంత గాలి పట్టొచ్చో అచ్చువేసి ఉంటుంది, అది దాటితే పగిలే ప్రమాదం కూడా ఉంది. నా బండికి మొదటి వారమే ఎవరో 28 కొట్టి పంపారు. గట్టు దిగుతుంటే బంతిలా గెంతి, నేను పొదలో తేలాను.

పంక్చర్ షాపు గేజీలు అంత తక్కువ గాలిని సరిగ్గా చూపవు. 0 నుంచి 15 దాకా మాత్రమే చూపే చిన్న గేజీ ఒకటి, సైకిల్‌కు కొట్టే చేతిపంపు ఒకటి కొనుక్కోండి. ఉదయం చల్లగా ఉన్నప్పుడే చూడాలి. మే నెల ఎండలో నిలబెట్టిన టైరులో గాలి ఎక్కువ చూపిస్తుంది, అది చూసి తీసేస్తే రాత్రికి తక్కువైపోతుంది. ఎడమ, కుడి టైర్లలో ఒకటే ఉండాలి. అర పీఎస్ఐ తేడా ఉన్నా బండి ఒక పక్కకు లాగుతుంది, మనమేమో స్టీరింగ్ చెడిందని టెన్షన్ పడతాం.

మన చుట్టుపక్కల పెద్ద బెడద సర్కారు తుమ్మ. దాని ముల్లు టైరులో దిగి విరిగిపోతే గాలి రోజుకు కొంచెం చొప్పున దిగుతుంది. సబ్బు నీళ్లు రాస్తే బుడగ వచ్చే చోటు దొరుకుతుంది. ముల్లు పీకి, ట్యూబ్‌లెస్ కిట్‌లో ఉండే జిగురు పుల్లను దూర్చితే ఐదు నిమిషాల పని. టైరు పక్క గోడకు చిల్లు పడితే మాత్రం ఈ వైద్యం నిలవదు.

బెల్టును కాపాడుకోవడం

బెల్టు తెగిందని ఏడ్చేవాళ్లలో ఎక్కువమంది హై గేర్‌లో మెల్లగా నడిపినవాళ్లే. వినడానికి విచిత్రంగా ఉంటుంది గానీ కారణం ఉంది. గంటకు పది కిలోమీటర్ల లోపు వేగంతో, బరువుతో, ఎత్తు ఎక్కుతూ హై గేర్‌లో పోతే పుల్లీ బెల్టును గట్టిగా పట్టుకోదు, రాసుకుంటూ తిరుగుతుంది. ఆ వేడికి బెల్టు కాలుతుంది. అనంతగిరి వైపు రాళ్ల దారి ఎక్కేటప్పుడు, ట్రైలర్ లాగేటప్పుడు, బురదలోంచి బయటపడేటప్పుడు లో గేర్ వేయండి. గేరు మార్చాలంటే బండి పూర్తిగా ఆపాలి.

రబ్బరు కాలిన వాసన వస్తే వెంటనే ఆపి, పది నిమిషాలు చల్లారనివ్వండి. ఇంజన్ మోగుతోంది గానీ బండి కదలడం లేదంటే, అదీ వాగు దాటిన వెంటనే అయితే, బెల్టు కేసులో నీళ్లు చేరినట్టు. న్యూట్రల్‌లో పెట్టి, బ్రేకు పట్టి, బెల్టు కేసు అడుగున ఉండే ప్లగ్గు తీసి నీళ్లు వంపండి. తర్వాత న్యూట్రల్‌లోనే పది పదిహేను సెకన్లు యాక్సిలరేటర్ ఇస్తూ తడి ఆరనివ్వండి. లో గేర్‌లో మెల్లగా కదిపి చూసి, జారితే మళ్లీ అదే చేయండి.

చైన్ బండి అయితే ఈ గొడవే లేదు. చైన్ వదులు మాన్యువల్‌లో చెప్పినంత ఉందో లేదో చూసి, మట్టి తుడిచి, చైన్ లూబ్ కొడితే సరి.

షెడ్డులో నిలబెట్టినప్పుడు

మనలో చాలామంది వారానికోసారి, నెలకోసారి తోటకు పోయేవాళ్లం. బండి పాడయ్యేది తిరిగినప్పటికంటే నిలబెట్టినప్పుడే ఎక్కువ.

బ్యాటరీని మల్టీమీటరుతో చూడండి. బండి నిద్రలో ఉన్నప్పుడు 12.6 వోల్టులు అటూ ఇటూ ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.2 కంటే దిగితే ఛార్జింగ్ పెట్టాలి. ఇంజన్ నడుస్తుండగా 14 వోల్టుల దగ్గర చూపాలి, అలా చూపకపోతే ఛార్జింగ్ వ్యవస్థలో లోపం. మూడు వారాలకు పైగా తోటకు వెళ్లేది లేకపోతే మైనస్ వైరు విప్పి పెట్టండి. విప్పేటప్పుడు మైనస్ ముందు, తగిలించేటప్పుడు ప్లస్ ముందు. సెల్ఫ్ రాకపోతే బైకులా తోసి స్టార్ట్ చేద్దామనుకోవద్దు, బెల్టు బండి తోస్తే స్టార్ట్ కాదు.

పెట్రోల్ సంగతి. ఇప్పుడు వచ్చే ఈ20 పెట్రోల్‌లో ఐదో వంతు ఇథనాల్. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. వానాకాలమంతా సగం ట్యాంకుతో బండి నిలబెడితే అడుగున నీళ్లు చేరి, దసరాకు స్టార్ట్ కాదు. నెలకు మించి నిలబెట్టాలంటే ట్యాంకు నిండా పోసి, అందులో పెట్రోల్ పాడవకుండా ఉంచే స్టెబిలైజర్ కలిపి, ఐదు నిమిషాలు నడిపి ఆపండి.

ఎలుకల గురించి ఏ మాన్యువల్‌లోనూ వివరంగా ఉండదు. వడ్ల బస్తాల పక్కన బండి పెడితే సీటు కింద కాపురం పెట్టి వైర్లు కొరుకుతాయి. బస్తాలు ఒక గదిలో, బండి ఒక గదిలో ఉండాలి. స్టార్ట్ చేసే ముందు సీటు ఎత్తి చూడటం అలవాటు చేసుకోండి. అలాగే ఎండు గడ్డిలో తిరిగి వచ్చాక సైలెన్సర్ చుట్టూ ఇరుక్కున్న గడ్డి పీకేయండి. వేడి సైలెన్సర్‌కు ఎండు గడ్డి చాలు, షెడ్డు అంటుకోవడానికి.

మొరాయిస్తే ఎక్కడ మొదలుపెట్టాలి

*బటన్ నొక్కితే ఏమీ కదలదు.* ముందు ఇంజన్ ఆపే ఎర్ర కిల్ స్విచ్ చూడండి. సిగ్గుపడే పని లేదు, అందరం అక్కడే మోసపోయాం. గేరు పార్కింగ్‌లో గానీ న్యూట్రల్‌లో గానీ ఉందా? బ్రేకు పట్టుకున్నారా? చాలా బండ్లు బ్రేకు పట్టకపోతే స్టార్ట్ కావు. తర్వాత బ్యాటరీ టెర్మినళ్లు, ఫ్యూజులు. టక్ టక్‌మని శబ్దం మాత్రమే వస్తే బ్యాటరీ దిగిందన్నమాట. ఫ్యూజు పోతే అదే ఆంపియర్‌ది వేయాలి. వైరు చుట్టి నడిపితే మొత్తం వైరింగే కాలుతుంది.

*సెల్ఫ్ తిరుగుతుంది, ఇంజన్ అందుకోదు.* కీ ఆన్ చేసి చెవి పెట్టి వినండి. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండి అయితే రెండు మూడు సెకన్లు పంపు 'జుయ్'మంటుంది. ఆ శబ్దం లేకపోతే పంపు ఫ్యూజు, రిలే చూడాలి. కార్బొరేటర్ బండి అయితే పెట్రోల్ కాక్, చోక్ చూడండి. పంపు మోగుతోందంటే స్పార్క్ ప్లగ్గు విప్పండి. కొన లేత గోధుమ రంగులో ఉంటే మంచిది. మసి పట్టి నల్లగా ఉంటే పెట్రోల్ ఎక్కువ, గాలి తక్కువ, అంటే ఫిల్టర్ మూసుకుపోయి ఉండొచ్చు. తెల్లగా ఉంటే పెట్రోల్ తక్కువ అందుతోంది, గాలి ఎక్కడో లీకవుతోంది. పెట్రోల్‌తో తడిసి ఉంటే తుడిచి, ఆరబెట్టి వేయండి.

*స్టార్ట్ అవుతుంది గానీ లాగదు.* ఎయిర్ ఫిల్టర్, బెల్టు, ఏదో చక్రానికి పట్టేసిన బ్రేకు, ఈ వరసలో చూడండి. కాసేపు తిప్పి, చేయి ఆనించకుండా దగ్గరగా పెట్టి చూస్తే పట్టేసిన చక్రం వేడి తెలుస్తుంది. రేగడి ముద్ద బ్రేకు ప్యాడ్లను నొక్కే కాలిపర్‌లో ఇరుక్కుంటే ఇలా అవుతుంది, కడిగితే పోతుంది.

*హీట్ లైటు.* నీడకు తెచ్చి ఆపండి. ఫ్యాన్ తిరుగుతుంటే కీ ఆన్‌లోనే ఉంచి తిరగనివ్వండి. అసలు తిరగకపోతే దాని ఫ్యూజు, కనెక్టర్ చూడాలి. వేడి మీద రేడియేటర్ మూత విప్పితే మరిగిన నీళ్లు ముఖాన కొడతాయి. పూర్తిగా చల్లారాక కూలెంట్ చూసి, తగ్గితే నీళ్లు కలిపి సిద్ధంగా అమ్మే కూలెంటే పోయండి. మన బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ, బాయిలర్‌లో పట్టినట్టు రేడియేటర్ లోపలా తెల్లగా పట్టేస్తుంది. అడవిలో దిక్కులేక తాగే నీళ్లు పోస్తే, ఇంటికి రాగానే తీయించి మార్చండి.

*ఫోర్ వీల్ డ్రైవ్ పడదు.* చెడిపోయిందని అనుకునే ముందు తెలుసుకోవాల్సింది ఒకటుంది. చాలా మోడళ్లలో స్విచ్ వేసినా, వెనక చక్రాలు జారినప్పుడే ముందు చక్రాలు అందుకుంటాయి. గట్టి నేల మీద పరీక్షిస్తే పడనట్టే ఉంటుంది. బురదలోనూ పడకపోతే ముందు డిఫరెన్షియల్ దగ్గరి వైరు కనెక్టర్ విప్పి మట్టి తుడవండి. సిమెంటు నేల మీద డిఫరెన్షియల్ లాక్ వేసి మలుపులు తిప్పడం మాత్రం వద్దు.

*బ్రేకు మెత్తగా దిగుతుంది.* పైపుల్లో గాలి చేరింది, లేదా ఆయిల్ పాతబడింది. బ్రేక్ ఆయిల్ రెండేళ్లకోసారి మార్చాలి, మూత మీద రాసిన రకమే పోయాలి. లివరు హ్యాండిల్ దాకా దిగుతుంటే ఆ బండి ఎక్కకండి, ఎవరితోనూ ఎక్కించకండి.

మీటరులో కోడ్ నంబరు కనిపిస్తే ఫొటో తీసి డీలర్‌కు పంపండి. లోపలి నుంచి ఇనుము కొట్టుకునే శబ్దం వచ్చినా, ఆయిల్ పాలలా మారినా, పెట్రోల్ కారుతున్నా బండి కదపకుండా పికప్ పిలిపించండి. ఈ మూడింటికీ పొలంలో వైద్యం లేదు.

సీటు కింది సంచిలో నేను మోసేవి ఇవి: నోటుబుక్కు, తక్కువ గాలి గేజీ, చేతిపంపు, పంక్చర్ కిట్, ఒక ప్లగ్గు, నాలుగు ఫ్యూజులు, పానాల సెట్టు, తెల్ల గుడ్డ, లాగడానికి మూడు మీటర్ల పట్టీ, రెండు లీటర్ల నీళ్లు. బెల్టు కూడా ఒకటి కొని ఉంచాను, కానీ అది సంచిలో కాదు, ఇంట్లో బీరువాలో. ఎండకు రబ్బరు గట్టిపడుతుంది. మొన్న పెద్దాయన వచ్చి మీటరు చూశాడు. 212 గంటలు. "గ్రీజు ఎప్పుడు కొట్టినవ్ సార్?" అన్నాడు. పుస్తకం తీసి చూపించాను.